అక్క నమ్మిన గ్లాసు

మా అక్క ఏదైనా రెండుసార్లు అడుగుతుంది. మొదటిసారి సూటిగా, మొహంలోకి చూస్తూ అడుగుతుంది. మనం జవాబు చెప్పి, హమ్మయ్య అనుకుని వేరే పనిలో పడ్డాక, ఎటో చూస్తూ, అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అడుగుతుంది. రెండు జవాబులూ అతికితే బతికిపోయాం. అతకలేదా, ఇక ఆ రోజు మనకి తిండి సయించదు. "గేటు గడియ పెట్టావా?" దగ్గర్నుంచి "నాన్నకి నయమవుతుందని డాక్టరే అన్నాడా, నువ్వు కల్పించావా?" దాకా ఇదే వరస. పెళ్ళయి, తల నెరిసి, మోకాళ్ళు పట్టేసే వయసొచ్చినా, నేను ఇప్పటికీ ఒక జవాబు చెప్పి రెండో ప్రశ్న కోసం కాచుకుని ఉంటాను.

మాది చిన్న ద్రాక్షతోట. ఇంటి వెనక ఏటవాలులో కొన్ని వరసలు, ఇంటి కింద చల్లటి గది, అందులో వైన్ పీపాలు. నాన్న పోయే ముందు పంపకం నోటిమాటతో చేసేశాడు. తోట నాది. కింది గది అక్కది. ఆ గది గడప రాయి మా ఇద్దరికీ సరిహద్దు. కోత రోజుల్లో నేను బుట్ట తెచ్చి ఆ రాయి మీద దించాలి, అక్క వంగి వాసన చూడాలి, బాగుంటే లోపలికి లాక్కోవాలి. నచ్చకపోతే కాలితో నా వైపు తోస్తుంది. "ఇది కింది వరసది. నీళ్ళు ఎక్కువ పెట్టావు" అంటుంది. పెట్టి ఉంటాను కూడా. ఆవిడ పిలవకుండా నేను గడప దాటకూడదు, నేను అడగకుండా ఆవిడ కత్తెర ముట్టకూడదు. ఇంత కట్టుబాటు ఉన్నా రోజూ పోట్లాడుకునేవాళ్ళం, అది వేరే సంగతి.

గది అక్కకి ఎందుకిచ్చాడంటే, ఆవిడ ముక్కు అలాంటిది. చిన్నప్పుడు నాన్న ఇంటికి రాగానే కోటు అందుకుని, దాని వాసన చూసి, ఎవరింట్లో కూర్చుని వచ్చాడో చెప్పేసేది. నాన్న అమ్మకన్నా అక్కకే ఎక్కువ భయపడేవాడు. పీపా బిరడా తీసి ఒక్కసారి ఊపిరి పీలిస్తే చాలు, ఏ పీపాకి గాలి తగిలింది, దేన్ని అడుగున పేరుకున్న మడ్డి మీంచి తీసి వేరే పీపాలోకి మార్చాలి, ఏది ఇంకా ఆగాలి, అన్నీ చెప్పేది. ఆవిడ చెప్పింది తప్పు కావడం నేనెప్పుడూ చూడలేదు. చూస్తే వదిలేవాణ్ణా?

అనుమానం కూడా ఆ ముక్కుతోనే పుట్టిందని నా నమ్మకం. అందరికీ తెలియనిది మనకొక్కరికే తెలుస్తుంటే, అందరూ దాస్తున్నారనిపిస్తుంది కాబోలు. కింది గది తలుపు దగ్గర రోజూ పిండి చల్లేది, అడుగుజాడలు పడతాయని. బిరడా మీద మైనం పోసి బొటనవేలి ముద్ర వేసేది. పీపా కుళాయికి తన తల వెంట్రుక చుట్టేది. ఒకసారి పిండి మీద పిల్లి నడిచింది. ఆ పిల్లిని ఎవరో పంపారని ఒక పూటంతా వీధిలో అందరి మొహాలూ పరీక్షగా చూసింది.

పెళ్ళి కూడా అలాగే చెడింది. చూడ్డానికి వచ్చినాయన మంచివాడు, నెమ్మదస్తుడు. గ్లాసు వైన్ తాగి, మర్యాదకి "పీపాలు చాలానే ఉన్నాయండీ?" అన్నాడు. అంతే! పీపాల్ని పెళ్ళాడ్డానికి వచ్చాడని తేల్చేసింది. కాసేపయ్యాక, కిటికీలోకి చూస్తూ, "మీకు పీపాల పని తెలుసా?" అని అడిగింది. ఆ అమాయకుడు "నేర్చుకుంటాను" అన్నాడు. ఇంకేముంది, ఆయన్ని గేటు దాకా నేనే సాగనంపాను.

ఇక అసలు సంగతికి వస్తాను. కిందటేడు వడగళ్ళు పడి తోట మొత్తం నేల పాలయింది. ఒక్క గుత్తీ గడప రాయి ఎక్కలేదు. పీపాలు ఖాళీగా పడి ఎండి, చెక్క పలకలు విడిపోకుండా వాటిలో గంధకం వత్తి కాల్చి, నీళ్ళు పోసి, ఏడాదంతా కాపాడింది అక్క. ఈ ఏడు పంటే మాకు దిక్కు. నేను కూడా ఒళ్ళు దాచుకోలేదు. ఒక్కో తీగనీ కూర్చోబెట్టి మాట్లాడినట్టు చూసుకున్నాను. మొదటి బుట్ట రాయి మీద దించినప్పుడు అక్క వంగింది, వాసన చూసింది, తలెత్తకుండా లోపలికి లాక్కుంది. ఒక్క మాట అనలేదు. ఆవిడ నోట వంక రాలేదంటే అది పొగడ్తే. ఆ పొగడ్త నా బతుకులో మొదటిది. ఆ సాయంత్రం మా ఆవిడకి ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో, చివరికి "పడుకోండి మహానుభావా" అంది.

రసం బాగా పులిసింది. అక్క రోజూ కర్ర తెడ్డుతో పైకి తేలిన తొక్కల్ని కిందికి అదిమేది. అంతా పెద్ద పీపాలోకి ఎక్కించి, బిరడా బిగించి, మైనం పోసి, వేలిముద్ర వేసింది. తర్వాత చలికాలంలో అక్కకి రొంప పట్టింది. మామూలు రొంప కాదు, జ్వరంతో మంచం ఎక్కింది. మా ఆవిడ ఆవిరి పట్టించింది, నుదుటికి తడిగుడ్డ వేసింది. లేవగలిగిన రోజు అక్క చేసిన మొదటి పని, గోడ పట్టుకుని మెట్లు దిగి పిండి చెక్కుచెదరలేదని చూసుకోవడం.

ఆ తర్వాత ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. అక్క మా ఆవిడ వంట మీద పడింది.

"సూప్‌లో ఏం వేశావు?"

"రోజూ వేసేవే వదినా. ఉప్పు సరిపోలేదా?"

"ఉప్పు తెలుస్తోంది. ఉప్పు తప్ప ఇంకేం లేదు."

కాసేపటికి, గిన్నె కడుగుతూ, గోడకేసి చూస్తూ, "ఉల్లిపాయలు వేయించే వేశావా?" అంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంకో రోజు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు. అక్క అదే గదిలో పొయ్యికి వీపు పెట్టి చొక్కా గుండీ కుడుతోంది. పెరట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చి గిన్నె దింపింది. "చూసుకోవద్దా వదినా?" అన్నందుకు, "కావాలనే నా దగ్గర పెట్టి వెళ్ళావు, నన్ను ముసలిదాన్ని చెయ్యాలని" అంది. మా ఆవిడ ఆ రోజు నాతోనూ మాట్లాడలేదు. అక్కంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచం మీదున్నప్పుడు ఎత్తి కూర్చోబెట్టిన మనిషిని అనే మాటేనా అది?

చలి విరిగాక, మడ్డి తీసే రోజొచ్చింది. నేను పై వరసలో తీగలు కడుతున్నాను. కింది నుంచి కేక.

"ఒరేయ్! ఇలా రా!"

గడప దగ్గర ఆగాను.

"లోపలికి రారా."

పిలిచి లోపలికి రమ్మందంటేనే ఏదో మునిగిందన్నమాట. పెద్ద పీపా బిరడా తీసి ఉంది. అక్క చేతిలో గాజు గొట్టం. పీపాలోంచి వైన్ తీసి రుచి చూసే ఆ గొట్టాన్ని నాన్న తర్వాత ఆవిడ తప్ప ఎవరూ ముట్టలేదు. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"పండు ఏదిరా?" అంది.

"ఏ పండు?"

"ఇందులో పండు లేదు. పులుపుంది, వగరుంది, గొంతులో మంటుంది. పండు లేదు. ఎవరో మన వైన్ తోడుకుని, నీళ్ళూ చవక సారా కలిపి పోశారు."

గ్లాసు నాకిచ్చింది. తాగాను. మంచి వైన్. మంచిదేమిటి, మా తోటలో అలాంటిది నేనెరగను. ఆ మాటే చెప్పాను.

"నీ పంటని నువ్వు చెడ్డదంటావా?" అంది.

"మైనం మీద నీ ముద్ర ఉందా లేదా? వెంట్రుక తెగిందా? పిండి మీద అడుగులున్నాయా?"

"అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అందుకే అనుమానం. ఇంత జాగ్రత్తగా చేసినవాడు నన్ను బాగా ఎరిగినవాడే."

దీనికేం చెప్తారు? మీరే చెప్పండి. తాళం పగిలితే దొంగతనం, పగలకపోతే ఇంటిదొంగతనం!

మొదట అక్క మా ఆవిడ సబ్బు మీద పడింది. గ్లాసులు కడిగిన సబ్బు వాసనే వైన్‌ని చంపేస్తోందని. గ్లాసులన్నీ ఉత్త వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టుకుంది. అయినా పండు దొరకలేదు. మా ఆవిడ తాగి "చాలా బాగుంది వదినా" అంటే, "మొగుడి పాటే పాడతావుగా" అంది.

తర్వాత పీపాల మేస్త్రి. నాన్న కాలం నుంచీ మాకు పీపాలు బాగుచేసే పెద్దాయన. కిందటేడు ఒక పలక మార్చాడు. ఆయన్ని పిలిపించి, "పచ్చి చెక్క వేశావు, అది పండుని తాగేసింది" అంది. ఆయన గ్లాసు తీసుకుని, నెమ్మదిగా తాగి, కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మాయ్, మీ నాన్న ఉంటే ఈ గ్లాసు పట్టుకుని వీధంతా తిరిగేవాడు" అన్నాడు.

"నీ చెక్క తప్పని నువ్వొప్పుకుంటావా?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నేను పట్టుకుని బతిమాలాను. "నీ మీద నాకేం లేదు బాబూ. కానీ నా చెక్కని తప్పన్న ఇంట్లో మళ్ళీ అడుగుపెట్టను" అన్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆఖరికి నేను. వడగళ్ళకి భయపడి ముందే కోసేశానట. పచ్చి గుత్తుల్ని బుట్ట అడుగున పెట్టి, పైన పండిన గుత్తులు పేర్చి ఆవిణ్ణి మోసం చేశానట. ప్రతి బుట్టా వాసన చూసి తీసుకున్నది నువ్వే కదా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పై గుత్తుల వాసనే చూశాను" అంది. అదీ జవాబు.

అనుమానం అంటుజబ్బు. నాకూ పట్టుకుంది. మంచి వైన్‌ని ఇంత పట్టుదలగా చెడ్డదంటోందంటే, ఏదో ఉందనుకున్నాను. నా మీద నింద వేసి తోట లాక్కోవాలనా? ఎవరికైనా అమ్మేయాలనా? మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు లెక్కగట్టడం మొదలుపెట్టాను. వీధి చివర ఎవరితోనో మాట్లాడుతుంటే తీగల చాటున నిలబడి చూశాను. ఆ ఎవరో, రొట్టెలు అమ్మే ఆవిడ. ఒక రోజు నేనే అక్కని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాను. మా ఆవిడ వింది. "బాగుంది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరయ్యారు" అని లోపలికి పోయింది.

అప్పుడు దిగాడు వెనిగర్ వ్యాపారి. చెడిపోయిన వైన్ ఎక్కడుందని తెలిసినా బండి కట్టుకుని వాలిపోతాడు. అక్క గ్లాసిచ్చింది. ఆయన నోట్లో పుక్కిలించి, పక్కకి ఉమ్మి, విచారంగా తల ఊపాడు.

"పోయిందమ్మా. మీ నోరే నిజం. పండు చచ్చిపోయింది" అన్నాడు.

అక్క మొహం చూడాలి! ఇన్నాళ్ళకి తనని నమ్మిన మనిషి దొరికాడు. పైగా చూడండి ఆవిడ లెక్క. మేమందరం బాగుందంటే మాకు లాభం: నాది పంట, మా ఆవిడది సబ్బు, మేస్త్రిది చెక్క. చెడిపోయిందన్నవాడు ఒక్కడే పరాయివాడు. చెడిపోతేనే వాడికి లాభమన్న సంగతి మాత్రం ఆవిడకి తట్టలేదు. పెద్ద పీపా మొత్తం పట్టుకుపొమ్మంది.

ఆ రోజు ఇంట్లో నేను చేసిన రభస ఇంతా అంతా కాదు. "రెండేళ్ళ నా రెక్కల కష్టం! వెనిగర్ చేస్తావా?" అని అరిచాను. అక్క అరవలేదు. "చెడ్డ వైన్ మీద నాన్న పేరు పెట్టి అమ్మను" అంది. అంతే. కింది గది ఆవిడది. గడప దాటే హక్కు నాకు లేదు. నాన్నకిచ్చిన మాట అది. ఇష్టం లేకపోయినా మాట మాటే.

పొద్దున్నే బండి వచ్చి పెరట్లో ఆగింది. ఆయన గొట్టం విప్పి, ఒక కొస పీపా దగ్గర పెట్టాడు. నేను పెరటి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు, శవం దగ్గర నిలబడ్డట్టు. గొట్టం తగిలించే ముందు ఆయన జేబులోంచి ఒక సీసా తీసి, కుళాయి కింద పట్టి, నింపి, బిరడా బిగించి, తన కోటు విప్పి దాంట్లో చుట్టి, బండి సీటు కింద పదిలంగా పెట్టాడు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

అక్క చూసింది.

"ఆ సీసా ఎందుకు?" అంది, సూటిగా.

"ఆ... ఊరికేనమ్మా. మా ఆవిడకి. వెనిగర్ చేసి చూపిద్దామని. పచ్చి కూరగాయల మీద చల్లుకుంటుంది, పులుపంటే ప్రాణం."

"ఓహో" అంది అక్క. ఆయన వంగి గొట్టం బిగించుకుంటున్నాడు. అక్క చీపురు తీసుకుని గడప ఊడవడం మొదలుపెట్టింది. నాకు అర్థమైపోయింది. జన్మలో మొదటిసారి, రెండో ప్రశ్న ఎప్పుడొస్తుందా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఊడుస్తూ, చెట్లకేసి చూస్తూ, "పాపం మీ ఆవిడకి కడుపులో మంటన్నారు కిందటిసారి. తగ్గిందా?" అంది.

"ఎక్కడమ్మా! పులుపు పేరెత్తితేనే పారిపోతోంది. ఉత్త గంజి తాగి—"

అక్కడ ఆగాడు. చీపురు కూడా ఆగింది.

"గొట్టం తియ్యండి" అంది అక్క.

"అమ్మా, మాటంటే మాట—"

"తియ్యండి. చచ్చిపోయిన పండుని కోటులో చుట్టి ఇంటికి తీసుకెళ్ళేవాడు నాకు తెలిసినంతలో లేడు. ఆ సీసా కూడా ఇక్కడ పెట్టండి."

పెట్టాడు. గొణుక్కుంటూ బండి తిప్పుకున్నాడు. నేను గోడ దగ్గర్నుంచి ఒక్క గంతు వేసి, "అక్కా! నేను చెప్పలా!" అని కేకేశాను. ఆవిడ నా వైపు చూడలేదు. చేతిలో ఆ సీసా పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. బిరడా తీసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మెల్లగా, నన్ను దాటుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తిట్టుకుంటూనే కాసేపు తోటలో తిరిగాను. గెలిచాను కదా, ఆవిడ వచ్చి "నీ పంట మంచిదేరా" అనాలి కదా! అనకపోతే నేనే అనిపించాలని వంటింటి తలుపు తోశాను.

అక్క నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ డబ్బాలు. కాఫీ పొడి డబ్బా మూత తీసి ఉంది. సబ్బు బిళ్ళ, సగానికి కోసిన ఉల్లిపాయ, దీపంలో పోసే కిరసనాయిలు సీసా, మా ఆవిడ తలనూనె. వ్యాపారి దాచిన ఆ వైన్ సీసా ఒళ్ళో ఉంది. కాఫీ డబ్బాలో ముక్కు పెట్టి, గట్టిగా, రొమ్ము ఎగిసేలా పీల్చింది. డబ్బా దించింది. పొడి ముక్కుకి అంటుకుంది. ఆ పొడి కూడా తుడుచుకోలేదు.

"ఒరేయ్" అంది, నన్ను చూడకుండానే. "దీనికి వాసన ఉందా?"

తలుపు దగ్గరికే కొడుతోంది కాఫీ వాసన.

"ఉందక్కా."

"కిరసనాయిలుకి?"

"ఉంది."

మాడిన పాలు గుర్తొచ్చాయి. ఉప్పు తప్ప ఏమీ లేని సూప్ గుర్తొచ్చింది. సబ్బు, చెక్క, పచ్చి గుత్తులు. లోకంలో అందర్నీ అనుమానించింది మా అక్క, పిల్లితో సహా. తన ముక్కుని ఒక్కదాన్నే అనుమానించలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అక్క ఏడవలేదు. డబ్బాలకి ఒక్కొక్కటే మూతలు పెట్టి, ఎక్కడివి అక్కడ సర్దింది.

డాక్టరు చూసి, రొంప ముదిరితే కొందరికి ఇలా అవుతుందని, తిరిగి రావచ్చు రాకపోవచ్చునని చెప్పాడు. అక్క ఆయన్ని రెండోసారి అడగలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. గడప దగ్గర పిండి చల్లడం మానేసింది. మెట్లు దిగడం మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళని ఏ అనుమానం లేకుండా చూస్తూ ఉండేది. పీపాల మేస్త్రి ఇంటికి మాత్రం ఒకసారి తనే వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మర్నాడు ఆయన వచ్చి, ఎవరూ అడక్కుండానే, వదులైన ఇనప పట్టీ ఒకటి బిగించి వెళ్ళాడు. మా ఆవిడతో మాత్రం ఒకే మాట అంది: "నీ వంట బాగుండే ఉంటుంది." మా ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని పెరట్లోకి వెళ్ళింది.

పెద్ద పీపా మడ్డి మీదే ఉండిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే నిజంగానే చెడిపోతుంది. ఎప్పుడు మార్చాలో చెప్పాల్సింది అక్క. అక్క చెప్పదు. నేను చెప్పడానికి నాకు గడప హక్కు లేదు, అంతకన్నా ధైర్యం లేదు. వెనిగర్ బండి నుంచి తప్పించుకున్న పీపా ఇప్పుడు మా చేతుల్లోనే చచ్చిపోబోతోంది.

ఒక ఉదయం కింది నుంచి పిలుపు.

"ఒరేయ్, రా. లోపలికి."

మెట్ల దగ్గర మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏది చూపించినా బాగుందనండి. పాపం, ఆవిడ తట్టుకోలేదు" అని గుసగుసగా చెప్పింది. తల ఊపి దిగాను.

బోర్లించిన చిన్న పీపా మీద తెల్లగుడ్డ పరిచి, మూడు గ్లాసులు పెట్టి ఉంచింది. మూడింటిలోనూ ఎర్రటి వైన్.

"మొదటిది చూడు" అంది.

చూశాను. "బాగుంది."

"బాగుంది ఏమిట్రా, సంబంధం చూడ్డానికొచ్చావా? దేని వాసన?"

"ద్రాక్ష వాసన."

"ద్రాక్షకి ద్రాక్ష వాసన కాక గుర్రం వాసనొస్తుందా? సరిగ్గా చెప్పు."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తోటలో పనిచేసేవాణ్ణి, నాకు మాటలెక్కడివి? కళ్ళు మూసుకున్నాను. "ఎండకి బాగా మగ్గిన తొక్క. పై వరసలో సాయంత్రం పూట, రాళ్ళు ఇంకా వేడిగా ఉన్నప్పుడు వంగితే వచ్చే వాసన. అడుగున కొంచెం చెక్క. మేస్త్రి కొత్త చెక్క కావచ్చు, కానీ మంచిగానే ఉంది."

అక్క రెండోది ముందుకి తోసింది.

వంగాను. దెబ్బకి తల వెనక్కి లాక్కున్నాను. ముతక కంపు. తడిసి మూలపడిన గుడ్డ కంపు. పీపా పోయింది! మడ్డి మీద వదిలేసినందుకు పోయింది. అక్క నా మొహంలోకే చూస్తోంది. మా ఆవిడ మాట చెవిలో మోగింది. బాగుందంటే ఏం పోయింది? ఈవిడకి తెలియదు కదా. ఈ ఒక్క పూటకి సంతోషపడుతుంది. తర్వాత సంగతి తర్వాత.

"చెప్పరా."

"కంపు కొడుతోంది అక్కా" అన్నాను. "తడి గోనె కంపు. తాగడానికి పనికిరాదు."

అక్క చెయ్యి గుడ్డ అంచుని పట్టుకుంది. మొహం మాత్రం కదల్లేదు. మూడోది తోసింది.

చూశాను. మళ్ళీ చూశాను. "ఇది మొదటిదే కదా! ఇది బాగుంది! అదే వాసన!"

అప్పుడు అక్క ఊపిరి వదిలింది. బోర్లించిన పీపా వెనక నుంచి ఒక గిన్నె తీసి చూపించింది. వైన్‌లో నానుతున్న గోనెగుడ్డ ముక్క.

"నువ్వు జాలిపడి బాగుందంటావేమోనని" అంది.

"అన్నుంటే?"

"తోట అమ్మేద్దామని చెప్పేదాన్ని. జాలితో వైన్ తయారవదు."

నాకు కోపమొచ్చింది. నిజంగా వచ్చింది. "ముక్కు పోయినా బుద్ధి పోలేదు కదా నీకు!" అని అరిచాను. ఎన్నాళ్ళకో అక్క నవ్వింది. నవ్వుతూనే గాజు గొట్టం తీసి నా చేతిలో పెట్టింది. నాన్న చేతి గొట్టం. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. వేళ్ళు సరిచేసింది. "రేపు మడ్డి తీద్దామా?" అని నన్నడిగింది. నన్ను! తీద్దామన్నాను.

తర్వాత ఆవిడ మూడో గ్లాసు తీసుకుని గడప రాయి మీద కూర్చుంది, మా సరిహద్దు మీద.

"మళ్ళీ చెప్పు. నువ్వు చెప్తూ ఉండు, నేను తాగుతాను" అంది.

పక్కనే కూర్చుని చెప్పాను. మగ్గిన తొక్క, వేడెక్కిన రాళ్ళు, సాయంత్రం, మేస్త్రి చెక్క. ఆవిడ కళ్ళు మూసుకుని, ఒక్కో గుక్కా నోట్లో ఉంచుకుని, నా మాట పూర్తయ్యాకే మింగింది.

"నిజమేనా?" అంది.

"నిజమే అక్కా."

తల ఊపి, తోటకేసి చూస్తూ గ్లాసు ఖాళీ చేసింది. నేను రెండో ప్రశ్న కోసం కాచుకుని కూర్చున్నాను. ఎండ గడప దాటి పీపాల దాకా పాకింది. అక్క లేచి, గ్లాసులు కడుక్కోవడానికి పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.